చిన్నపిల్లల్ని ట్రయల్‌కి తీసుకెళ్తున్నారా? సంతకం నుంచి సూది దాకా

ముందు తేల్చుకోవాల్సింది ఇది: పిల్లాడిని రమ్మన్న ఆసుపత్రివాళ్లు చేసేది వైద్యమా, పరిశోధనా? వైద్యమైతే డాక్టరు చేసే ప్రతి పనీ మీ పిల్లాడి కోసమే. పరిశోధన అలా కాదు, అక్కడ ఒక ప్రశ్నకి జవాబు కావాలి. రెండూ ఒకే ఆసుపత్రిలో, ఒకే డాక్టరు చేతుల మీదుగా జరుగుతుంటే తేడా కనపడదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు కిడ్నీ సర్వేలకి రక్తం, మూత్రం ఇవ్వడం జనానికి కొత్త కాదు. అలా పరీక్షలు చేసి రాసుకునే స్టడీ వేరు, మందో టీకానో ఇచ్చి ఏమవుతుందో చూసే ట్రయల్ వేరు. చాలా ట్రయల్స్‌లో ఎవరికి కొత్త మందు, ఎవరికి పాత మందు లేదా ఉత్తుత్తి మందు అన్నది చీటీలు తీసినట్టు కంప్యూటర్ తేలుస్తుంది. చాలాసార్లు డాక్టరుకి కూడా తెలియదు. "మావాడికి అసలు మందే ఇవ్వండి బాబూ" అని బతిమాలి లాభం లేదు.

ట్రయల్ అంటే సీటీఆర్ఐ (ట్రయల్స్‌ని నమోదు చేసే ప్రభుత్వ రిజిస్ట్రీ) నంబరు అడగండి. 2009 జూన్ 15 నుంచి మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ అన్నీ ఆ రిజిస్ట్రీలో నమోదు కావాల్సిందే. ఫోన్లో వెతికితే ఏ మందు, ఎవరి డబ్బు, ఏ వయసు పిల్లలు, ఏ ఏ ఆసుపత్రులు అన్నీ కనిపిస్తాయి. మిమ్మల్ని రమ్మన్న ఆసుపత్రి అందులో లేకపోతే, ఎందుకు లేదో తేలేదాకా ముందుకెళ్లొద్దు. మామూలు సర్వే అయినా ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో పాల్గొనేవాళ్లకి అన్యాయం జరగకుండా చూసే సంఘం) అనుమతి ఉండాలి, ఆ కమిటీ ఫోన్ నంబరు మీకిచ్చే కాగితంలోనే ఉండాలి.

ఇక సంతకం. మన జిల్లాల్లో ఎక్కువ చిక్కు వచ్చేది ఇక్కడే. అమ్మానాన్నలు హైదరాబాదులోనో చెన్నైలోనో పనిలో ఉంటారు, పిల్లలు మామ్మ దగ్గర ఉంటారు. పిల్లాడిని ఆసుపత్రికి తెచ్చేది మామ్మే. కానీ పెంచుతున్నంత మాత్రాన ఆవిడ వేలిముద్ర చెల్లదు. తల్లో తండ్రో రావాలి, లేదా చట్టప్రకారం సంరక్షకులై ఉండాలి. ప్రమాదం మామూలు కంటే ఎక్కువగా ఉండి, పిల్లాడికి నేరుగా లాభం లేని పరిశోధనైతే అమ్మానాన్నలిద్దరి సంతకాలూ తీసుకోవాల్సి రావొచ్చంటాయి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు. కాబట్టి సంక్రాంతికి ఊరొచ్చే రోజులు చూసుకుని తేదీ అడగండి. "ఫోన్లో చెప్పేశారు కదా, పెట్టెయ్యండి" అంటే ఒప్పుకోవద్దు. అప్పటి ఖమ్మం జిల్లాలో 2009లో మొదలైన హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే) టీకా ప్రాజెక్టులో చాలామంది గిరిజన బాలికల తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టేశారు. 2010లో దాన్ని ఆపించారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది.

చదవడం రానివాళ్లకి ఆసుపత్రితో సంబంధం లేని సాక్షి ఎదుట చదివి చెప్పాలి. పూర్తిగా కొత్త మందైతే పిల్లల విషయంలో ఆ మాటలన్నీ వీడియో తీయాలి. క్లినికల్ ట్రయల్స్ మీద కేంద్రం తెచ్చిన 2019 నిబంధనల్లో ఉన్నదే ఇది, కెమెరా చూసి బెదరకండి. ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడేవాళ్లు, మందస కొండల్లో సవరలు తమ భాషలో చెప్పమని అడగొచ్చు. ఏడేళ్లు దాటిన పిల్లలైతే వాళ్లనీ అడగాలి. చిన్నవాళ్లకి నోటిమాట చాలు, పన్నెండు దాటితే రాతపూర్వకంగా ఉండాలి.

కాగితం ఇచ్చిన రోజే సంతకం పెట్టకుండా ఇంటికి తెచ్చుకుని ఒక రాత్రి ఉంచుకోండి. మిగిలిన రక్తాన్ని దాచుకుని తర్వాత వేరే పరీక్షలకి వాడతామన్న మాట ఎక్కడో చివర్లో ఉంటుంది. దానికి విడిగా "వద్దు" అనొచ్చు. రక్తం ఎంత తీస్తారో మిల్లీలీటర్లలో అడగండి. పిల్లల ఒంట్లో కిలోకి సుమారు 80 మి.లీ. రక్తం ఉంటుంది, అంటే పది కిలోల పిల్లకి 800. ఐరోపా మార్గదర్శకాల ప్రకారం పరిశోధన కోసం ఒకసారికి అందులో 1 శాతం, నాలుగు వారాల్లో 3 శాతం దాటకూడదు. ఈ పిల్లకైతే ఒక్కసారికి 8 మి.లీ., నెలకి 24. అంతకు మించి చెబితే కారణం అడగండి.

వెళ్లే రోజు. పరగడుపున రావాలా, నీళ్లు తాగొచ్చా అన్నది ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. పలాస నుంచి విశాఖ వెళ్లాలంటే తెల్లవారకముందే బయల్దేరాలి, పదింటిదాకా కడుపు మాడ్చిన మూడేళ్ల పిల్లాడిని ఎవరూ ఓదార్చలేరు. పరగడుపు అక్కర్లేకపోతే బాగా నీళ్లు పట్టండి, నరం సులువుగా దొరుకుతుంది. తిమ్మిరెక్కించే క్రీము రాస్తారా అని అడగండి. లిడోకైన్, ప్రిలోకైన్ కలిసిన ఆ క్రీమును మందంగా రాసి, పైన ప్లాస్టిక్ అంటించి, గంట ఉంచితేనే పనిచేస్తుంది. పావుగంటకే సూది గుచ్చితే రాసీ దండగ.

సూదప్పుడు మంచం మీద వెల్లకిలా అదిమిపెట్టొద్దు. మీ ఒళ్లో, మీ రొమ్ముకి ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక చెయ్యి మాత్రం బయటకి చాపించండి. పాలు తాగే పిల్లయితే పాలిస్తూ ఉండండి. "అస్సలు నొప్పుండదు" అనొద్దు, రెండోసారి మీ మాట నమ్మరు.

బీపీ చూసేటప్పుడు పట్టీ పిల్లలదేనా అని చూడండి. చెయ్యికి మరీ చిన్న పట్టీ కడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, ఏడుస్తున్నా అంతే. ఐదు నిమిషాలు ఊరుకోబెట్టి మళ్లీ చూడమనండి. మూత్రానికి వాళ్లిచ్చిన డబ్బానే వాడాలి. ఇంట్లో కడిగిన సీసా పనికిరాదు, సబ్బు మిగిలినా లెక్క తప్పుతుంది. పట్టాక రెండు గంటల్లో అందించలేకపోతే ఫ్రిజ్‌లోనో ఐసు పెట్టెలోనో ఉంచాలి.

తల్లీబిడ్డల కార్డు తప్పకుండా పట్టుకెళ్లండి. సూదితో వేసే బతికున్న క్రిముల టీకాలు రెండైతే ఒకే రోజు వేయాలి, లేదంటే 28 రోజుల ఎడం ఉండాలి. తొమ్మిదో నెల ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా తేదీ ట్రయల్ టీకాతో ఢీకొట్టేది ఇందుకే. ఏఎన్ఎంకి కూడా ట్రయల్ సంగతి చెప్పండి.

ఇంటికొచ్చాక అసలు తలనొప్పి ఊళ్లోని ఆర్‌ఎంపీతో. రాత్రి జ్వరమొస్తే ఆయన దగ్గరికే పరిగెడతాం, ఏదో సూది వేస్తాడు, ఏమిటో అడగం. ట్రయల్లో ఉన్న పిల్లకి అలా కుదరదు. ఆ సూదిమందు సీసాని, స్ట్రిప్పుని ఫోన్లో ఫోటో తీయండి. నాటుమందు, పసరు ఇచ్చినా దాచకుండా చెప్పండి. తిడతారని దాస్తే, వచ్చిన దద్దురు ట్రయల్ మందువల్లో పసరువల్లో ఎవరూ తేల్చలేరు. ముందుజాగ్రత్తగా పారాసిటమాల్ పట్టడమూ వాళ్లు చెబితేనే. ట్రయల్ వాళ్లిచ్చిన డైరీలో జ్వరం ఎంత, ఎన్ని గంటలకి చూశారు అన్నది అప్పటికప్పుడే రాయండి. ఆసుపత్రికెళ్లే బస్సులో కూర్చుని వారం రోజులదీ ఒకే పెన్నుతో "98.6" అని నింపితే చూసిన వెంటనే తెలిసిపోతుంది.

ఏ కారణంతోనైనా, అది కుక్కకాటైనా సరే, పిల్లని ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే వెంటనే పరిశోధన డాక్టరుకి ఫోన్ చేయండి. మందు ట్రయల్ అయితే ఆయన దాన్ని తెలిసిన 24 గంటల్లోపు పైవాళ్లకి తెలపాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఖర్చు ట్రయల్ నడిపేవాళ్లదే, మీరు ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు తీయక్కర్లేదు. దారిఖర్చులు, పోయిన కూలి తీసుకోవచ్చు. అంతకు మించి పిల్లాడిని ఇచ్చినందుకు డబ్బు ముట్టజెబుతామంటే అనుమానించండి.

మానేయాలనిపిస్తే ఎప్పుడైనా మానేయొచ్చు, కారణం చెప్పనక్కర్లేదు, మామూలు వైద్యం ఆగదు. అయితే మందు మీ అంతట మీరు ఆపేయొద్దు. కొన్ని మందులు మెల్లగా తగ్గించాలి, చివరగా ఒకసారి పరీక్ష కూడా చేయాలి. వెళ్లేటప్పుడు మిగిలిన సీసా, ఖాళీ స్ట్రిప్పులు అన్నీ సంచీలో వేసి తీసుకెళ్లండి, వాటిని అక్కడ లెక్కపెట్టి తీసుకుంటారు.