మైపాడు ఒడ్డున మన మొక్కలేవి?

ముందు పరాయివాటిని పక్కన పెట్టండి. నెల్లూరు తీరంలోని మైపాడు నుంచి కొత్తపట్నం దాకా కనిపించే సరుగుడు, చిల్లకంప రెండూ బయటినుంచి వచ్చినవే. ఇసుక మీద పాకే తీగకి మేకగిట్టలా చీలిన ఆకు, ఊదారంగు గరాటు పువ్వు ఉంటే అది బాలబంద. ముళ్లబంతిలా గాలికి దొర్లేది రావణాసురుడి మీసాలు అనే గడ్డిలో ఆడమొక్క కంకి.

చిక్కంతా ఉప్పుటేటి గట్టు దగ్గరే, అక్కడి మడచెట్లు తెల్లమడ, తిల్లలని వేరుగా గుర్తుపట్టడంలో. తెల్లమడ ఆకు అడుగున బూడిద తెలుపు, చెట్టు చుట్టూ బురదలోంచి పెన్సిళ్లలా లేచిన ఊపిరివేర్లు. తిల్లకి ఆ వేర్లుండవు, ఆకు తుంచితే పాలు కారతాయి. ఆ పాలు విషం, కంట్లో పడితే ప్రమాదం. అందుకే తెల్లమడో కాదో తేల్చడానికి ఆకు నాకి ఉప్పదనం చూసే అలవాటు ఇక్కడ వద్దు.

ఫొటో తీస్తే ఆకు రెండువైపులా, బెరడు, వేరు విడివిడిగా తీయండి. పైనుంచి తీసిన ఒక్క ఫొటోతో మొక్కల్ని గుర్తించే యాప్ తరచూ పొరబడుతుంది.