డైనమిక్ మైక్‌తో గొంతు రికార్డు చేసేటప్పుడు ఈక్వలైజర్ ఎలా సరిచేసుకోవాలి?

ఇంట్లోనే కథలు చదివి వినిపించేవారు, పాఠాలు రికార్డు చేసేవారు, పాడ్‌కాస్టులు నడిపేవారు చాలామంది డైనమిక్ మైక్‌నే ఎంచుకుంటున్నారు. నోటికి దగ్గరగా పెట్టుకుని మాట్లాడే మైక్ కాబట్టి గది ప్రతిధ్వని, ఫ్యాను చప్పుడు, వీధి మోత అందులో తక్కువగా పడతాయి. అయితే ఆ దగ్గరతనమే గొంతుకు లేని బరువును తెచ్చిపెడుతుంది. పైగా ఈ మైక్‌లో శబ్దానికి కదలవలసింది పలచని పొర ఒక్కటే కాదు, దానికి అంటించిన తీగచుట్ట కూడా కదలాలి కనుక, పై స్థాయి శబ్దాల్లోని సన్నని మెరుపు కొంత తగ్గుతుంది. ఈక్వలైజర్‌తో, అంటే శబ్దంలోని కింది, మధ్య, పై భాగాలను విడివిడిగా పెంచే, తగ్గించే సాధనంతో, మనం చేయవలసింది ఈ రెండింటినీ సరిదిద్దడమే తప్ప, గొంతును మార్చి వేరే గొంతుగా చేయడం కాదు. ఈ వ్యాసంలో 1966 నుంచి అమ్మకంలో ఉన్న షూర్ ఎస్ఎం58 మైక్‌ను ఉదాహరణగా తీసుకున్నాను. వేదికల మీదా ఇళ్లలోనూ ఎక్కువగా కనిపించేది అదే. మిగతా మైకులకు ఎక్కడ తేడా వస్తుందో అక్కడక్కడ చెబుతాను.

ఈక్వలైజర్ తెరవకముందు

మైక్‌ను నోటికి బెత్తెడు దూరంలో, కాస్త పక్కకు తిప్పి పెట్టండి. మాట నేరుగా మైక్ మధ్యలోకి కాకుండా దాని అంచు మీదుగా వెళితే ‘ప’, ‘బ’, ‘ఫ’, ‘భ’ పలికినప్పుడు వచ్చే గాలి దెబ్బ చాలావరకు తప్పుతుంది. ఫోమ్ తొడుగు గానీ పాప్ ఫిల్టర్ గానీ ఉంటే మరీ మంచిది. రికార్డింగ్ స్థాయిని, గట్టిగా పలికిన చోట కూడా మీటరు మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆగేలా పెట్టుకోండి. ఆ తరువాత, మీకు అవసరమైన అక్షరాలన్నీ వచ్చే ఒక వాక్యాన్ని మామూలుగా చదివే గొంతుతోనే రికార్డు చేయండి. ఇలాంటిది పనికొస్తుంది: “భూషణం శనివారం సాయంత్రం సంచిలో చింతపండు, పాలు, బెల్లం, ఫలహారం సర్దుకుని, వీణ పాఠం ముగించిన పిల్లలను వెంటబెట్టుకుని, నీళ్ల ట్యాంకు దాటి ఇంటికి చేరాడు.” ఈ అసలు రికార్డింగ్‌ను ఏ మార్పూ చేయకుండా దాచి, దాని ప్రతి మీదే పని చేయండి.

గది ప్రతిధ్వని ఈక్వలైజర్‌తో పోదు. డబ్బాలో మాట్లాడినట్టు వినిపిస్తుంటే ముందుగా మీ వెనుక ఉన్న గోడకు దుప్పటి కట్టి, మరోసారి రికార్డు చేసి చూడండి.

అడుగు భాగం: హై పాస్ ఫిల్టర్

మొదటి మార్పు అన్నిటికంటే కింద ఉన్న శబ్దాలను కోసివేయడం. పురుషుల మాట మూల స్వరం సాధారణంగా 85 నుంచి 180 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు) మధ్య, స్త్రీలది 165 నుంచి 255 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. అంతకంటే కింద ఉండేది బల్ల అదురు, ఫ్యాను ఊగు, గాలి దెబ్బ మాత్రమే. కనుక పురుషుల గొంతుకు 80 హెర్ట్జ్ దగ్గర, స్త్రీల గొంతుకు 100 నుంచి 120 హెర్ట్జ్ దగ్గర హై పాస్ ఫిల్టర్ పెట్టి, వాలును, అంటే కోత తీవ్రతను, ఆక్టేవ్‌కు (హెర్ట్జ్ సంఖ్య సగమైన ప్రతిసారీ) 12 డెసిబెల్స్‌గా ఉంచండి. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవారికి ఇది ఎఫెక్ట్ మెనూలో హై పాస్ ఫిల్టర్ పేరుతోనే దొరుకుతుంది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌ది. కేబుల్ లోపం వల్లనో ఎర్తింగ్ సరిగా లేకనో వచ్చే గుంయ్ శబ్దం 50 దగ్గరే ఆగకుండా 100, 150 హెర్ట్జ్‌ల దగ్గర కూడా ఉంటుంది. 80 దగ్గర పెట్టిన ఫిల్టర్ 50 హెర్ట్జ్‌ను సుమారు 9 డెసిబెల్స్ తగ్గిస్తుంది గానీ 100 హెర్ట్జ్‌ను దాదాపు ముట్టుకోదు. ఆ శబ్దాన్ని కేబుల్ దగ్గర, ప్లగ్ దగ్గర వెతికి పోగొట్టాలి. ఫిల్టర్‌ను పైకి జరిపి పోగొట్టాలని చూస్తే గొంతే పోతుంది.

దగ్గరతనం తెచ్చిన బరువు

ఒకే దిశ నుంచి ఎక్కువగా వినే మైక్‌కు నోరు దగ్గరయ్యే కొద్దీ బాస్ పెరుగుతుంది. దీన్నే ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ అంటారు. ఎస్ఎం58లో ఇది స్పష్టంగా తెలుస్తుంది. 1968లో వచ్చిన ఎలక్ట్రో వాయిస్ ఆర్ఈ20 మైక్‌ను మాత్రం ఈ ప్రభావం బాగా తగ్గేలా తయారు చేశారు కనుక, అది వాడేవారు ఈ మెట్టును తేలికగా దాటవచ్చు. మిగతావారు 200 హెర్ట్జ్ దగ్గర లో షెల్ఫ్ (ఆ చోటికి కింద ఉన్న భాగమంతటినీ కలిపి ఎత్తే, దించే ఫిల్టర్) పెట్టి, 2 నుంచి 4 డెసిబెల్స్ తగ్గించండి. రేడియోలో వినిపించే నిండైన గొంతు మీద మోజుతో చాలామంది దీన్ని తగ్గించకపోగా ఇంకా పెంచుతారు. హెడ్‌ఫోన్స్‌లో అది గంభీరంగానే ఉంటుంది, కానీ కారులో వింటే మాటలు ఒకదానిమీద ఒకటి పడి అర్థం కావు. నా దృష్టిలో ఇంటి రికార్డింగులను ఎక్కువగా పాడుచేస్తున్నది ఈ ఒక్క అలవాటే.

తరువాత 250 నుంచి 400 హెర్ట్జ్ మధ్య ఉండే మందపాటి తనం. ‘బొమ్మ’, ‘గోడ’, ‘ఊరు’ వంటి మాటల్లో ఇది బయటపడుతుంది. దాని స్థానం వెతకడానికి బెల్ ఫిల్టర్‌ను (ఒక చోటు చుట్టుపక్కల మాత్రమే ఎత్తే, దించే ఫిల్టర్) ఇరుకుగా, అంటే దాని వెడల్పును చెప్పే క్యూ విలువ 4 ఉండేలా పెట్టి, 6 డెసిబెల్స్ పైకెత్తి, 200 నుంచి 500 వరకు నెమ్మదిగా జరపండి. ఇబ్బంది ఎక్కడ పెద్దదవుతుందో అక్కడ ఆగి, క్యూను 1.2కు వెడల్పు చేసి, 2 లేదా 3 డెసిబెల్స్ కిందికి దించండి. ఏ చోటును అంత ఎత్తి విన్నా కొంత చెడ్డగానే వినిపిస్తుంది కాబట్టి, ఏ లోపం కోసం వెతుకుతున్నారో ముందే తేల్చుకోకుండా ఈ పద్ధతికి దిగితే కనిపించిన చోటల్లా కోసుకుంటూ పోతారు. స్త్రీల గొంతులో మూల స్వరమే 200 హెర్ట్జ్ పరిసరాల్లో ఉంటుంది కనుక అక్కడ మరింత జాగ్రత్త అవసరం. ఆ చోట 2 డెసిబెల్స్ దించినా గొంతు పలచబడవచ్చు.

మధ్య భాగం జోలికి వెళ్లేటప్పుడు

ముక్కుతో మాట్లాడినట్టు ఉంటే 800 నుంచి 1,200 హెర్ట్జ్ మధ్య 1 లేదా 2 డెసిబెల్స్ తగ్గిస్తే చాలు. కానీ అక్కడి నుంచి 3,000 వరకు ఉన్న భాగాన్ని వీలైనంతవరకు కదపకండి. తెలుగులో ‘ల’కు ‘ళ’కు, ‘న’కు ‘ణ’కు చెవి గుర్తించే తేడాలో ఎక్కువ భాగం 2,000 హెర్ట్జ్ చుట్టుపక్కలే ఉంటుంది, ఎందుకంటే నాలుక వెనక్కి మడిచి పలికే అక్షరాల్లో మూడో ఫార్మెంట్ (నోటి ఆకారం వల్ల బలపడే శబ్ద భాగాల్లో మూడోది) కిందికి దిగుతుంది. ‘కల’, ‘కళ’ అని వెంటవెంటనే పలికి రికార్డు చేసి, మార్పుకు ముందూ తరువాతా వినండి. రెండూ ఒకేలా వినిపించడం మొదలైతే ఆ కోత ఎక్కువైందని అర్థం.

స్పష్టత కోసం 4,000 హెర్ట్జ్ పెంచమని తరచుగా చెబుతుంటారు. ఎస్ఎం58కు ఆ సలహా పనికిరాదు. 4,000 నుంచి 6,000 వరకు ఎత్తు ఆ మైక్ తయారీలోనే ఉంది. దాని మీద మళ్లీ పెంచితే చెవిలో గుచ్చుకుంటుంది. షూర్ వారిదే అయిన ఎస్ఎం7బీ వంటి సమతలమైన మైక్‌కైతే క్యూ 0.8తో 2 డెసిబెల్స్ పెంచవచ్చు. ఆ మైక్ వెనుక బాస్ తగ్గించడానికి, మధ్య భాగం పెంచడానికి స్విచ్‌లు ఉంటాయి. వాటిని వేసి ఉంచి, ఈక్వలైజర్‌లోనూ అదే పని మళ్లీ చేయకండి.

‘స’ శబ్దం, పైన మిగిలిన మెరుపు

‘స’ పలికినప్పుడు ఈల వేసినట్టు వినిపిస్తే దాని బలం సాధారణంగా 5,000 నుంచి 8,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. ‘శ’, ‘ష’ అంతకంటే కింద ఉంటాయి. ముందు మైక్‌ను ఇంకొంచెం పక్కకు తిప్పి చూడండి. అప్పటికీ తగ్గకపోతే డి ఎస్సర్ (‘స’ తీవ్రతను మాత్రమే అణిచే సాధనం) వాడండి, ఎందుకంటే అది ‘స’ వచ్చిన క్షణంలోనే పనిచేస్తుంది. ఈక్వలైజర్‌తో తగ్గిస్తే మిగతా అక్షరాల మెరుపు కూడా పోతుంది. 10,000 హెర్ట్జ్ దగ్గర హై షెల్ఫ్‌ను (ఆ చోటికి పైన ఉన్న భాగమంతటినీ ఎత్తే, దించే ఫిల్టర్) 1.5 లేదా 2 డెసిబెల్స్ కంటే ఎక్కువ ఎత్తవద్దు. డైనమిక్ మైక్ ఇచ్చే సంకేతం బలహీనమైనది. ఎస్ఎం7బీకి దాదాపు 60 డెసిబెల్స్ గెయిన్, అంటే సంకేతానికి అంత పెంపు, కావాలి. అంత గెయిన్‌తో పాటు, ఆ పెంచే పరికరమైన ప్రీయాంప్ బుస కూడా వస్తుంది, పైభాగం ఎత్తిన ప్రతిసారీ అదీ పెరుగుతుంది. ఎస్ఎం58 స్పందన 15,000 దగ్గరే ముగుస్తుంది కాబట్టి ఆపైన ఎత్తితే దొరికేది ఆ బుసే.

పోల్చి చూడడం

కొంచెం పెద్దగా వినిపించేదే చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది. అందుకే ఈక్వలైజర్ వేసినప్పుడూ తీసినప్పుడూ ధ్వని స్థాయి సమానంగా ఉండేలా అవుట్‌పుట్ గెయిన్ సర్దుకుని మాత్రమే పోల్చండి. మరీ చిన్నగా కూడా వినకండి. స్థాయి తగ్గితే చెవికి బాస్ ముందుగా తగ్గుతుందని వినికిడిని పరిశోధించిన ఫ్లెచర్, మన్సన్ 1933లోనే ప్రకటించారు. హెడ్‌ఫోన్స్‌లో సరిచూశాక ఫోన్ స్పీకర్‌లో ఒకసారి వినండి. అందులో బాస్ దాదాపు వినిపించదు కనుక అక్కడ గొంతు పలచగా ఉందని కింది భాగం పెంచకండి, మాటలు తెలుస్తున్నాయా లేదా అన్నదే చూడండి.

తృప్తిగా వచ్చిన సెట్టింగును మైక్ పేరు, దూరం, గది పేరుతో ప్రీసెట్‌గా భద్రపరచుకోండి. తరువాతి రోజు కూర్చున్న దూరం మారితే మొత్తం మళ్లీ మొదలుపెట్టనక్కరలేదు. 200 హెర్ట్జ్ దగ్గరి లో షెల్ఫ్ ఒక్కటి సరిచేసుకుంటే సాధారణంగా సరిపోతుంది.