టర్బో హోస్ విప్పే ముందు జాగ్రత్తలు

సింహాచలం ఘాట్ ఎక్కుతుంటే డీజిల్ కారు లాగకుండా నల్లపొగ కక్కి, బానెట్ కింద బుస్సుమని గాలి శబ్దం వస్తే ముందు టర్బో హోస్ చూడండి. టర్బో అంటే ఇంజిన్‌కు గాలిని ప్రెషర్‌తో తోసే పరికరం, ఆ గాలిని మోసే రబ్బరు పైపే ఈ హోస్. టర్బోనే పోయిందని టెన్షన్ పడొద్దు.

- ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. టర్బో వేడి మామూలు వేడి కాదు, తగిలితే చర్మం ఊడొస్తుంది.
- కింద దూరాలంటే జాకీ ఒక్కటే చాలదు, స్టాండ్లు పెట్టాల్సిందే.
- ఐడిలింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ ఊరికే తిరిగేటప్పుడు, చీలిక నోరు తెరవదు. అందుకే ఇంజిన్ ఆపి, హోస్‌ను చేత్తో వంచి, మెలిపెట్టి, అడుగున చిన్న అద్దం పెట్టి చూడండి. మా కారుకు హోస్‌ను బిగించే క్లిప్ పక్కనే గోరంత చీలిక, చుట్టూ నూనెతో తడిసిన దుమ్ము నల్లగా పేరుకుని ఉంది. అదే ఆనవాలు. పైపు లోపల పల్చటి నూనె పొర మాత్రం మామూలే.
- టేపు చుట్టి సరిపెట్టొద్దు. రేడియేటర్ హోస్ ముక్క అసలే వద్దు, నూనెకు ఉబ్బిపోతుంది. పాతదాని మీది పార్ట్ నంబర్ చూసి కొనండి.
- మన విశాఖ ఉప్పుగాలికి క్లిప్పులు తుప్పు పడతాయి. అవీ కొత్తవే వేయండి.
- విప్పిన పైపు మూతికి గుడ్డ బయటినుంచి కట్టండి, లోపల కుక్కొద్దు. మర్చిపోయి స్టార్ట్ చేస్తే టర్బోకో ఇంజిన్‌కో దెబ్బే.
- బిగించే ముందు పైపు అంచుల నూనె తుడవండి. లేకపోతే ప్రెషర్‌కు హోస్ జారిపోతుంది.