పిన్ను సరిపోయింది, చార్జింగే సరిగా ఎక్కడం లేదు: టైప్-సీ చిక్కులు

సమస్య: 65 వాట్ల చార్జరు కొన్నా ఫోను నెమ్మదిగా ఎక్కుతోంది.

కారణం: టైప్-సీ అన్నది పిన్ను ఆకారం మాత్రమే. 2014లో వచ్చిన ఈ ప్రమాణాన్ని నడిపే యూఎస్‌బీ ఇంప్లిమెంటర్స్ ఫోరమ్ బోర్డులో ఆపిల్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ వంటి కంపెనీలే ఉంటాయి. కొనేవాళ్ల తరఫున ఎవరూ లేరు. ఆకారానికి నియమం గట్టిగా పెట్టి, ఫాస్ట్ చార్జింగ్‌ను ఐచ్ఛికంగా వదిలేశారు. దాంతో కంపెనీకో పద్ధతి వచ్చింది. ఒప్పో వాళ్ల 65 వాట్ల ఫాస్ట్ చార్జింగ్ పద్ధతి సూపర్‌వూక్ 10 వోల్టుల దగ్గర 6.5 యాంపియర్లు పంపుతుంది. రెండు కొసలా టైప్-సీ ఉండే సీ-టు-సీ కేబుల్‌కు ప్రమాణం పెట్టిన హద్దు 5 యాంపియర్లే. అందుకే దానికి సొంత కేబుల్ కావాలి. చార్జరు, ఫోను పద్ధతులు కలవకపోతే చాలాసార్లు 5 వోల్టుల దగ్గరే ఆగిపోతాయి.

పరిష్కారం: చార్జరు మీద ‘ఔట్‌పుట్’ వరస చదవండి. యూఎస్‌బీ వాళ్ల ఉమ్మడి ఫాస్ట్ చార్జింగ్ పద్ధతి పవర్ డెలివరీ ఉంటే 9 వోల్టులు, 15 వోల్టులు అని విడివిడిగా రాసి ఉంటుంది. శాంసంగ్ 25 వాట్ల వేగానికి పీపీఎస్ (ఫోను అడిగినట్టు వోల్టేజీని కొద్దికొద్దిగా మార్చే పద్ధతి) కూడా కావాలి. సీ-టు-సీ కేబుల్ మామూలుది 3 యాంపియర్లు, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్ల వరకే. అంతకు మించితే లోపల చిప్ ఉన్న 5 యాంపియర్ల కేబుల్ అడగండి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ‘ఆర్’తో మొదలయ్యే నంబరు తప్పక చూడండి. అది భద్రతకు హామీ, వేగానికి కాదు.

ఒడిశాలోని పర్లాకిమిడి వాళ్లు ఆంధ్రలోని పాతపట్నంలో, రాయగడ వాళ్లు పార్వతీపురంలో కొంటే మార్చుకోవడానికి మళ్లీ రాష్ట్రం దాటాలి. బ్యాటరీ సగం లోపు ఉన్నప్పుడే ఫోను పట్టుకెళ్లి కొట్లోనే పెట్టి చూడండి. 80 శాతం దాటాక ఏ చార్జరైనా నెమ్మదిస్తుంది.

సమస్య: ట్రిమ్మరు, టార్చి పాత ఏ-టు-సీ వైరుతో (చార్జరు వైపు వెడల్పాటి యూఎస్‌బీ-ఏ పిన్ను ఉండేది) ఎక్కుతాయి, సీ-టు-సీతో ఎక్కవు.

కారణం: పరికరంలోని రెండు సీసీ పిన్నుల (ఏదైనా తగిలించారా అని చార్జరు గుర్తుపట్టే పిన్నులు) దగ్గరా 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టరు చెరొకటి ఉండాలని ప్రమాణం చెబుతుంది. ఖర్చు మిగుల్చుకోవాలని కొందరు తయారీదారులు వాటిని పెట్టరు. రెసిస్టర్లు కనబడనిదే సీ చార్జరు కరెంటు వదలదు. పాత యూఎస్‌బీ-ఏ చార్జరు ఎప్పుడూ 5 వోల్టులు ఇస్తూనే ఉంటుంది.

పరిష్కారం: ఏ-టు-సీ వైరు దాచుకోండి. బోర్డు మీద చోటుంటే ఎలక్ట్రానిక్స్ రిపేరు తెలిసినవాళ్లు ఆ రెండు రెసిస్టర్లూ అతికించగలరు.

సమస్య: కేబుల్ పెట్టినా టీవీలో ఫోను బొమ్మ రాదు.

కారణం: వీడియో కూడా ఐచ్ఛికమే. ఐఫోన్ 15లో ఉంది, చాలా చౌక ఫోన్లలో లేదు. చార్జింగ్ కేబుళ్లు చాలావాటిలో వీడియో తీగలూ ఉండవు.

పరిష్కారం: ఫోను వివరాల్లో ‘డిస్‌ప్లేపోర్ట్’ (టైప్-సీ ద్వారా వీడియో పంపే పద్ధతి) అని లేకపోతే అడాప్టరు కొనకండి. వైఫై ద్వారా చూపించుకోండి.