వానలు పడేలోపే బ్రౌన్ రైస్ స్టాక్ సంగతి చూసుకోండి

రబీ వడ్లు చేతికొచ్చాక, ధర బాగుంది కదా అని ఒకేసారి మిల్లు ఆడించి బ్రౌన్ రైస్ బస్తాలు పేర్చేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. తెల్ల బియ్యం పాతబడే కొద్దీ గిరాకీ పెరుగుతుంది, పాత బియ్యమంటే జనం నాలుగు రూపాయలు ఎక్కువిచ్చి మరీ కొంటారు. ఆ అలవాటుతోనే నేనూ మొదట్లో ఒక జూన్‌లో 40 బస్తాలు ఆడించి గదిలో పెట్టాను, ఆగస్టు చివర్లో సంచి మూతి విప్పితే పాత నూనె డబ్బా తెరిచినట్టు గుప్పున వాసన. పురుగు లేదు, బూజు లేదు, గింజ చూడ్డానికి నిక్షేపంగా ఉంది. చివరికి కోళ్ల దాణాకి ఇచ్చేశాను.

బ్రౌన్ రైస్ అంటే ఊక మాత్రమే తీసి తవుడు పొర అలాగే ఉంచిన బియ్యం, ఆ తవుడులో దాదాపు 15 నుంచి 20 శాతం నూనె ఉంటుంది. పైన ఊక ఉన్నంతకాలం ఆ నూనె, దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ వేర్వేరుగా ఉంటాయి, షెల్లర్‌లో (ఊక తీసే యంత్రం) పడి ఊక ఊడిన రాపిడికి రెండూ కలుస్తాయి, అక్కణ్ణుంచి నూనె చెడటం మొదలు. మామూలుగా ఆరు నెలలు నిలుస్తుందని చెప్తారు గానీ మన వానాకాలపు ఉక్కలో, రేకుల షెడ్డులో అన్నాళ్లు ఆశించకండి. ఉప్పుడు బ్రౌన్ రైస్ అయితే ఉడికించడం వల్ల ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది కాబట్టి కొంచెం నయం, కానీ గాలి తగిలి నూనె చెడటం దానికీ తప్పదు.

కాబట్టి నిల్వ వడ్లుగా ఉంచండి. ఆర్డర్ని బట్టి పది పదిహేను రోజులకు సరిపడా మాత్రమే ఊక తీయించండి. చిన్న లాట్‌కి మిల్లు ఆన్ చేయం అంటారు, అది నిజంగా తలనొప్పే, నలుగురు అమ్మేవాళ్లు కలిసి ఒకరోజు మాట్లాడుకుంటే పని జరుగుతుంది. వడ్ల తేమ 14 శాతానికి మించకూడదు. కొనుగోలు కేంద్రంలో 17 శాతం దాకా తీసుకుంటారు కదా అని కొందరు వాదిస్తారు, అది కొనడానికి పెట్టిన హద్దు, నెలల తరబడి గోదాంలో దాచడానికి కాదు. పంటి కింద కొరికి చూసే లెక్క వద్దు, తేమ మీటర్ ఒకటి కొనుక్కోండి. బస్తాలు నేల మీదా, గోడకి ఆనించీ పెట్టకండి.

మిల్లు దగ్గర ఇంకో తిరకాసు ఉంది. ఒకసారి పాలిష్ పట్టి తవుడు కొంత తీసేసిన సింగిల్ పాలిష్ బియ్యాన్నే బ్రౌన్ రైస్ అని అంటగడతారు. 100 కిలోల వడ్లకి సుమారు 78 నుంచి 80 కిలోల బ్రౌన్ రైస్ రావాలి, ఊక పోయేది 20 కిలోల చొప్పునే కాబట్టి. 72, 73 వచ్చిందంటే, తాలు, తరుగు లేకపోతే, మీ తవుడు ఎవరి గోతంలోకో వెళ్లినట్టే. గింజ కొనలో మొలక ముక్కు ఉందో లేదో కూడా చూడండి, పాలిష్ పడితే ముందు ఊడేది అదే.

ముక్కు పురుగు గింజ లోపలే గుడ్డు పెడుతుంది, ప్యాక్ చేసినప్పుడు కంటికి కనపడదు. వాక్యూమ్ ప్యాక్ చేయించండి. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు మాత్రం మీరే తెచ్చి బస్తాల మధ్య పెట్టొద్దు, గాలిలో తేమ తగిలితే వచ్చే గ్యాస్ మనిషిని చంపేస్తుంది, అది శిక్షణ ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్ల పని. ఇంటి పక్క గదే గోదాం అయినవాళ్లకి మరీ మరీ చెప్తున్నా.

లేబుల్ సంగతి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు, నికర బరువు, ఎంఆర్‌పీ, ప్యాక్ చేసిన తేదీ, పేరు చిరునామా అందరూ వేస్తారు, తప్పు జరిగేది ఎక్స్‌పైరీ దగ్గర. తెల్ల బియ్యం కవర్ డిజైన్ కాపీ కొట్టి 12 నెలలు అని వేసేస్తారు. "షుగర్ తగ్గిస్తుంది" అనీ రాయకండి, జబ్బు నయం చేస్తుందని ఆహారం మీద చెప్పుకోవడానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఒప్పుకోదు. 2022 జులై 18 నుంచి 25 కిలోలు, అంతకంటే తక్కువ బరువున్న లేబుల్ ప్యాకెట్ల మీద 5 శాతం జీఎస్టీ ఉంది (26 కిలోల బస్తాలు ఎక్కడపడితే అక్కడ ఎందుకు కనిపిస్తున్నాయో ఇప్పుడు అర్థమైందా). బాస్మతి బ్రౌన్ రైస్ అమ్మేవాళ్లకి 2023 ఆగస్టు 1 నుంచి విడిగా ప్రమాణాలు వచ్చాయి, అవి చదువుకోండి.

ఎగుమతి చేసేవాళ్లకి అసలు టెన్షన్ వేరే. 2022 సెప్టెంబర్ 8న నోటిఫికేషన్ వచ్చింది, తెల్లారేసరికి బ్రౌన్ రైస్ మీద 20 శాతం సుంకం. అప్పటికే బేరం కుదిరి పోర్టుకి చేరిన సరుకు మీద ఆ డబ్బు ఎవరు కట్టాలని కొన్నవాళ్లకీ అమ్మినవాళ్లకీ పెద్ద తగువే నడిచింది. ఆ సుంకం 2024 సెప్టెంబర్ చివర్లో 10 శాతానికి దిగి, అక్టోబర్ 22న పూర్తిగా పోయింది, అంటే రెండేళ్ల పైచిలుకు. వానలు సరిగ్గా లేక వరినాట్లు వెనకబడితే ఇలాంటివి మళ్లీ రావచ్చు. అందుకని కాంట్రాక్టులో సుంకం మారితే ఎవరు భరించాలో ముందే రాయించుకోండి, మాట మీద వదిలేయొద్దు. ఆర్సెనిక్ (ఒక విష పదార్థం) పరీక్ష కూడా లాట్‌వారీగా చేయించండి. అది తవుడు పొరలోనే ఎక్కువ చేరుతుంది కాబట్టి కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) పరిమితి తెల్ల బియ్యానికి కిలోకి 0.2 మిల్లీగ్రాములైతే బ్రౌన్ రైస్‌కి 0.35.

ఇప్పటికే పాత స్టాక్ ఉందంటారా? ప్రతి బస్తా అడుగు నుంచీ గుప్పెడు తీసి స్టీలు గ్లాసులో వేసి, వేడినీళ్లు పోసి మూతపెట్టండి. పది నిమిషాలాగి మూత తీసిన వెంటనే వాసన చూడండి, తేడా ఉంటే తెలిసిపోతుంది. అలాంటి బస్తాని కొత్తదాంట్లో కలిపి సర్దేద్దామని మాత్రం చూడకండి.