రాత్రి రేడియేటర్ టంగు టంగుమంటుంటే ఏం చూడాలి

న్యూయార్క్, జెర్సీ సిటీ పాత బిల్డింగుల్లోకి కొత్తగా దిగిన మనవాళ్ళకి చలి మొదలవగానే పెద్ద షాక్ ఇదే, అర్ధరాత్రి గోడలో ఎవడో సుత్తితో కొడుతున్నట్టు మోత. దెయ్యం కాదులెండి, నీళ్ళు.

ఈ పాత ఇళ్ళల్లో గదిని వేడిచేసే ఇనుప రేడియేటర్‌లోకి బాయిలర్‌లో కాగిన నీళ్ళ ఆవిరి వస్తుంది. చాలావాటికి ఒకటే పైపు, ఆవిరి పైకొచ్చేదీ చల్లబడ్డ నీళ్ళు వెనక్కెళ్ళేదీ అందులోంచే, ఆ నీళ్ళు ఎక్కడైనా ఆగిపోతే స్పీడుగా వచ్చే ఆవిరి వాటిని తోసుకెళ్ళి పైపుకి కొడుతుంది. అందుకే రేడియేటర్ కింద, పైపు కలిసేచోట ఉండే వాల్వ్ సగం తిప్పి వదలకండి, వేడి ఎక్కువైందని చాలామంది చేసే తప్పు ఇదే. పూర్తిగా తెరవాలి, లేదా పూర్తిగా కట్టేయాలి.

తర్వాత రేడియేటర్ మీద లెవెల్ (వాలు చూపించే బుడగ బద్ద) పెట్టి చూడండి, వాల్వ్ వైపుకి కొంచెం వాలి ఉండాలి. లేకపోతే అవతలి చివర కాళ్ళ కింద పల్చటి చెక్కముక్కలు దూర్చండి, చల్లారాకే సుమా, ఇద్దరుంటే మంచిది, ఇనుముది, మహా బరువు.

రేడియేటర్ పక్కనుండే ఎయిర్ వెంట్, అంటే లోపలి గాలిని బయటికి వదిలే చిన్న భాగం, మొదట్లో కాసేపు బుస్సుమంటే మామూలే. ఆగకుండా బుసకొడుతున్నా, నీళ్ళు కక్కుతున్నా అది పోయినట్టే. హీటింగ్ ఆపి, చల్లారాక విప్పి, కొత్తదాని మరల మీద టెఫ్లాన్ టేప్ (లీకవకుండా చుట్టే పల్చటి టేపు) చుట్టి బిగించండి.

ఇవన్నీ చేసినా మోత ఆగలేదంటే బాయిలర్ దగ్గరే తేడా, ఇళ్ళకి ఆవిరి ప్రెషర్ 2 పీఎస్ఐ (ప్రెషర్ కొలిచే యూనిట్) లోపే చాలు, నీళ్ళు మురికిగా ఉన్నా గొడవే. అది మీరు ముట్టుకోకండి, అద్దె ఇల్లయితే సూపర్‌ని, అంటే బిల్డింగ్ బాగోగులు చూసే మనిషిని పిలవండి.