సంస్థ చరిత్ర రాయాలా? ముందు స్టాక్ రిజిస్టర్ తీయండి

వికలాంగుల కోసం పనిచేసే ఒక చిన్న సంస్థలో పద్దెనిమిదేళ్లు లెక్కలు రాశాను. పాతికేళ్ల పండగకి సావనీర్ వేద్దామనుకుని, చరిత్ర రాసే పని నా నెత్తిన పెట్టారు. "మినిట్స్ బుక్కులు ఉన్నాయిగా, చూసి రాసెయ్యండి" అన్నారు సెక్రటరీ గారు. మీటింగుల్లో జరిగింది రాసే ఆ పుస్తకాలన్నీ చూశాను. "చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." పాతికేళ్లూ అదే వాక్యం! మీకూ ఈ పని తగిలితే మినిట్స్ పక్కన పెట్టి, ఎవరికి ఏ వస్తువు ఇచ్చారో రాసే స్టాక్ రిజిస్టర్ తీయండి.

మా రిజిస్టర్లో మొదటి పేజీల నిండా కాలిపర్లే, అంటే పోలియోతో బలం తగ్గిన కాలికి ఊతంగా కట్టే పట్టీలు. ఎడమ కాలా కుడి కాలా, పొడవు ఎన్ని అంగుళాలు, తీసుకున్నవాళ్ల సంతకం. సంతకం రాకపోతే వేలిముద్ర. కొన్నాళ్లకి అదే పేరు మళ్లీ కనిపిస్తుంది, కొలత మాత్రం పెద్దది. పిల్ల ఎదిగిందన్నమాట. పేజీలు తిప్పుతూ పోతే కాలిపర్లు పలచబడి వీల్‌చైర్లు, వినికిడి మిషన్లు, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని ఒళ్లు అదుపులో ఉండని స్థితి) ఉన్న పిల్లలు కూర్చునే కుర్చీలు వస్తాయి. డబ్బుల్లేక కాలిపర్లు ఆగాయేమో అనుకున్నాను ముందు. కాదు, పోలియో పోయింది. పల్స్ పోలియో 1995లో మొదలైంది, దేశంలో చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది, 2014 మార్చి 27న పోలియో లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది. మేం దారి మార్చిన సంగతి ఏ తీర్మానంలోనూ లేదు, ఈ రిజిస్టర్లోనే దొరికింది.

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీది తేదీని పుట్టినరోజుగా రాసెయ్యకండి. చాలాచోట్ల పని ముందు మొదలవుతుంది, కాగితం తర్వాత వస్తుంది. ఏ చట్టం కింద నమోదైందో కూడా చూడండి. ఉమ్మడి రాష్ట్రం మొత్తానికి ఒకే సొసైటీల చట్టం వచ్చింది 2001లో. అంతకుముందు ఆంధ్ర ప్రాంతంలో 1860 నాటి చట్టం, తెలంగాణలో 1350 ఫసలీ చట్టం (ఫసలీ అంటే నిజాం కాలంలో వాడిన సంవత్సరాల లెక్క). ఆ 1350 చూసి అచ్చుతప్పనుకుని దిద్దబోయాను నేను.

పాత కాగితాల్లో "కుంటి", "మూగ" లాంటి మాటలు తగులుతాయి. ఎత్తిరాసేటప్పుడు మార్చకండి, పక్కన సంవత్సరం వేయండి. మీ సొంత వాక్యాల్లో మాత్రం ఇప్పటి మాటలే వాడండి. వికలాంగుల కోసం వచ్చిన 1995 చట్టంలో ఉన్నవి ఏడు రకాల వైకల్యాలు, దాని స్థానంలో వచ్చిన 2016 చట్టంలో 21. ఆటిజం ఉన్న పిల్లాణ్ని పాత రిజిస్టర్లో "బుద్ధిమాంద్యం" కింద రాసి ఉండొచ్చు. ఊహించి గడి మార్చే పని మీది కాదు.

ఇక మనుషులు. స్థాపకుల దగ్గరికి చివర్లో వెళ్లండి. వాళ్లు ఆ కథ వంద స్టేజీల మీద చెప్పి ఉంటారు, నున్నగా అయిపోయి ఉంటుంది. చిన్నప్పుడు కాలిపర్ కోసం వచ్చి ఇప్పుడు నలభైల్లో ఉన్నవాళ్లని ముందు కలవండి. వినపడనివాళ్లతో మాట్లాడేటప్పుడు సైగల భాష తెలిసినవాళ్లని వెంట తీసుకెళ్లండి, కానీ చూపు మాత్రం ఎదుటి మనిషి మీదే ఉండాలి. మాట తడబడేవాళ్ల వాక్యాన్ని మీరు పూర్తిచేయకండి. ఒకాయన ఒక్క ముక్క చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది. పక్కన వాళ్లమ్మ రెండుసార్లు అందుకోబోయింది. చివరికి ఆయన చెప్పిన ముక్క: "వ్యాన్ రాని రోజు నాకు పండగ." మేమేమో మా సంస్థ నడిపే ఆ వ్యాన్ ఫొటోని అట్ట మీద వేద్దామనుకుంటున్నాం.

ఫొటోల దగ్గర మేం తప్పుచేశాం. పాత ఆల్బమ్‌లోంచి ఒకమ్మాయి ఫొటో తీసి, అడక్కుండా, కింద "నిస్సహాయ స్థితిలో..." అని రాసి వేశాం. ఆవిడిప్పుడు టీచరు. ఫోన్ చేసి, "మా క్లాసు పిల్లలు చూశారండీ" అంది, అంతే. రెండో ముద్రణలో ఆ పేజీ తీసేశాం. ఫొటోలో ఉన్నవాళ్లని అడగండి, కింద రాసే మాట కూడా వినిపించి అడగండి.

ప్రెస్సుకిచ్చే ముందు ఇంకొకటి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిస్తే పుస్తకం బాగానే కనిపిస్తుంది గానీ, చూపులేనివాళ్లకి చదివి వినిపించే ఫోన్ ఆ ఫైలుని చదవలేకపోతుంది, ఏవో పిచ్చి అక్షరాలు పలుకుతుంది. ఏ ఫోన్ అయినా తెలుగు అక్షరాలుగానే గుర్తుపట్టే యూనికోడ్‌లో టైప్ చేయించి, స్కాన్ బొమ్మల్లా కాకుండా అక్షరాలుగానే ఉన్న ఫైలు వేరే ఉంచండి. మా ఫైలు మొదట పంపింది సంస్థలో ఫోన్లెత్తే ఆయనకి, ఆయనకి చూపు లేదు. అరగంటలో ఫోన్ చేసి, "పన్నెండో పేజీలో నా ఇంటిపేరు తప్పండీ" అన్నాడు.